పెట్టుడు కాలితో నడక



మెఫీబోషెతు అయిదేండ్లవాడై యుండగా దాది అతనిని ఎత్తికొని పారిపోవుచుండెను. అతడు పడి కుంటివాడాయెను. తరువాత దావీదు అతనిని లోదెబారునుండి పిలిపించి తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను (2 సమూయేలు 4, 9 అధ్యాయములు). మనము ఈ సంగతి చెప్పునప్పుడు రాజు బల్లయొద్దనే ఆగుదుము. గాని 9వ అధ్యాయము ముగియుచు అతని కుంటితనమును మరల జ్ఞాపకము చేయుచున్నది. బల్ల దొరకినను కాళ్లు మునుపటివే.

చక్కెర జబ్బువలననో ప్రమాదమువలననో కాలు పోగొట్టుకొన్నవారి యింట ఇది తెలిసియుండవలెను. పెట్టుడు కాలు వచ్చిన దినమున ఇల్లంతయు సంతోషించును. నెల తిరుగకమునుపే ఆ కాలు అటకెక్కుటయు కలదు. కొత్త చెప్పువలె తొడిగికొని నడచిపోవచ్చునని అందరును తలంచిరి గదా!

మిగిలిన కాలి మొండి మొదట వాచియుండి, నెలల తరబడి కొంచెము కొంచెముగా చిక్కును. అప్పుడు గిన్నె వదులగును. మేజోడు ఒకటి ఎక్కువ తొడుగవలెను. అదియు చాలనియెడల గిన్నెనే మార్పించుకొనవలెను. మొదట కొద్దిసేపు మాత్రమే తొడిగి, దినదినము పెంచవలెను. విప్పిన తరువాత అద్దము పట్టి చూడవలెను. ఎరుపు 10, 15 నిమిషములలో పోనియెడల మరల తొడుగక, కాలు చేసినవారికి చూపవలెను. చక్కెర జబ్బుచేత స్పర్శ తగ్గినవారికి పుండు పడినను నొప్పి తెలియకపోవచ్చును గనుక కన్నే కాపరి. మన సీమ ఎండలకు గిన్నెలో చెమట నిండును. నడుమ విప్పి తుడుచుకొనుట సోమరితనము కాదు. మోకాలిక్రింద దిండు పెట్టుట ప్రేమయని ఇంటివారనుకొందురు. అది మోకాలిని వంపుగా బిగియజేయును. తడిసిన నాపరాయి గచ్చుమీద మరి జాగ్రత్త.

లేని పాదము దురదపెట్టుట, మండుట అనేకులకు కలుగును. దీనిని దయ్యమనవద్దు. అది నరములకును మెదడునకును సంబంధించినది; వైద్యునితో చెప్పదగినది.

1968లో జైపూరులో రామచంద్ర శర్మ అను పనివాడును డాక్టరు పి. కె. సేఠీయును కలిసి రబ్బరు పాదము నొకదానిని చేసిరి. పడమటి దేశపు పాదము బూటుకొరకైనది. ఇదియో, వట్టికాళ్లతో తిరుగుటకును, గొంతుకూర్చుండుటకును, పొలములో దిగుటకును తగినది. సుధా చంద్రన్ 1981లో బస్సు ప్రమాదమున కాలు పోగొట్టుకొని, ఈ జైపూరు పాదముతోనే 1984లో మరల వేదికపై నాట్యమాడెను. ఆమె కథయే 1985 నాటి తెలుగు చిత్రము ‘మయూరి’. సంఘపత్రికలో సినిమా మాట ఏలయని పెద్దలు కోపపడవద్దు. ఆ రెండు తేదీల నడుమనున్న సంవత్సరములను చూడుడి.

కాబట్టి మూడవ వారమున, “ఇంకను కర్ర వదలలేదా?” అని అడుగకుడి. “అయ్యో పాపము” అని చేతిలోని చెంబు లాగికొనకుడి. ఆదివారము అతడు గుడి మెట్లెక్కునప్పుడు, చేయి పట్టవలెనా అని ముందుగా అడుగుడి. వద్దనినయెడల, అతడు ఎక్కువరకు నిలిచియుండుడి. మెట్ల ప్రక్కన ఇనుప కమ్మి వేయించుట సంఘపు పని.