అడవికి చుట్టాల్లా వెళ్దాం



సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయి. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దామా అని ఇంటింటా ఆలోచించే రోజులివి. గడ్డిభూముల పాఠం చదివిన పిల్లల్ని ఆఫ్రికా సవన్నా బొమ్మ వేయమంటే ఒక సింహం, ఒక జిరాఫీ, పక్కనే ఎర్రటి దుప్పటి కప్పుకుని బల్లెం పట్టుకున్న మసాయి మనిషిని వేస్తారు. ముగ్గురూ ఒకే వరుసలో ఉంటారు. పిల్లల తప్పేం లేదు, మనం చూపించే ఫొటోలూ వీడియోలూ అలాగే ఉంటాయి. జంతువుల్ని చూడటానికి వెళ్తాం, మనుషుల్ని కలవడానికి వెళ్తాం. ఈ తేడా పిల్లలకు నేర్పడానికి కెన్యా దాకా పోనక్కర్లేదు. దుగ్గిరాలలో ఉదయం బయలుదేరితే మధ్యాహ్నానికి చేరే దూరంలో నల్లమల ఉంది.

ముందుగా మసాయి మారా గురించి

కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం విస్తీర్ణం సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు. దాని దక్షిణాన టాంజానియాలోని సెరెంగెటి ఉంది. ఏటా పది లక్షలకు పైగా విల్డెబీస్ట్‌లు, వాటితో చారల గుర్రాలు పచ్చిక వెతుక్కుంటూ సెరెంగెటి నుంచి మారాకు వచ్చి మళ్లీ తిరిగి వెళ్తాయి. జులై నుంచి అక్టోబరు వరకు ప్రపంచం నలుమూలల నుంచి జనం వచ్చేది ఈ వలస చూడటానికే.

ఆ నేల మీద తరతరాలుగా పశువులు మేపుకున్నవాళ్లు మసాయిలు. వాళ్ల మందలూ అడవి జంతువులూ ఒకే గడ్డి మేశాయి. అయినా 1959లో సెరెంగెటి పార్కులో ఉన్న మసాయిలను అక్కడి నుంచి పక్కనున్న గోరొంగోరో ప్రాంతానికి పంపేశారు. మారా చుట్టూ తర్వాతి కాలంలో వేరే దారి కూడా తెరుచుకుంది. మసాయి కుటుంబాలు తమ భూములను వన్యప్రాణుల కోసం కౌలుకిచ్చి, పర్యాటక సంస్థల నుంచి అద్దె తీసుకుంటున్నాయి. సింహం బతికుంటే ఆ ఇంట్లో పిల్లల చదువుకూ ఆధారం దొరుకుతుందన్నమాట.

మన దగ్గర నల్లమల

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ఏర్పడింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న భాగమే సుమారు 3,700 చదరపు కిలోమీటర్లు, అంటే మసాయి మారాకు రెండింతలకు పైనే. 2022 గణనలో మన రాష్ట్రంలో 63 పులులున్నట్టు అంచనా వేశారు. వాటిలో ఎక్కువ భాగం ఈ అడవిలోవే.

దుగ్గిరాల పిల్లలకు ఈ అడవి పరాయిది కాదు. మన కాలువలో పారే కృష్ణమ్మ నల్లమల కొండల మధ్య నుంచి, శ్రీశైలం, సాగర్ దాటి ప్రకాశం బ్యారేజీకి వచ్చిన నీరే. మన పసుపు, వరి చేలు తడిసేది ఆ నీటితోనే. మ్యాపు ముందు పెట్టుకుని కాలువ నుంచి అడవి దాకా నది వెంట వేలు జరపమనండి, ప్రయాణం ఇంట్లోనే మొదలవుతుంది.

చెంచులు ఏం తెలిసినవాళ్లు?

నల్లమలలో తరతరాలుగా ఉంటున్నవాళ్లు చెంచులు. వాళ్లు మాట్లాడేది తెలుగే. అడవిలోని వాళ్ల చిన్న ఊళ్లను పెంటలు, గూడేలు అంటారు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి ఆయన వాళ్లకు అల్లుడు. శ్రీశైల మల్లన్నను వాళ్లు చెంచు మల్లయ్య అని తమవాడిగా పిలుచుకుంటారు. కనుమ నాడు అహోబిలంలో మొదలయ్యే పారువేట ఉత్సవంలో ఆ అల్లుడే తన పెళ్లికి పిలవడానికి ఊరూరా తిరుగుతాడు.

తేనె కోసం చెంచులు తాడు పట్టుకుని కొండ అంచు నుంచి దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది బామ్మర్ది అని చెబుతారు. అక్క పసుపుకుంకుమలు కాపాడాల్సినవాడు తాడు వదలడు కదా! పట్టును మొత్తం పిండేయకుండా ఈగలకు కొంత వదలడం కూడా వాళ్ల పద్ధతి. ఇందులో బంధుత్వం గురించి ఒక పాఠం ఉంది, ప్రకృతి గురించి మరొకటి ఉంది.

పులి పాదముద్ర చూసి అది ఎప్పుడు, ఎటు వెళ్లిందో చెప్పడం, కొండముచ్చు అరుపును బట్టి పులి దగ్గర్లో ఉందని గ్రహించడం వాళ్లకు పెద్దల నుంచి వచ్చిన విద్య. అందుకే అటవీ శాఖ పులుల కాపలాకు చెంచు యువకులను తీసుకుంటోంది. కెన్యాలో కూడా ఒకప్పుడు సింహాన్ని వేటాడిన మసాయి యువకులు కొందరు ఇప్పుడు సింహాలకు కాపలాదారులు.

అడవి ఎవరిది?

ఇది మీ పిల్లలు తప్పక అడిగే ప్రశ్న. పులి బతకాలంటే దానికి అలజడి లేని చోటు కావాలన్నది నిజం. చెంచుల ఇల్లు కూడా అదే అన్నదీ నిజమే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పులుల ప్రాంతం నుంచి కుటుంబాలను తరలించాలంటే ఆ గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. తరలివెళ్తే బడి, ఆసుపత్రి దగ్గరవుతాయి. కానీ అడవి దూరమైతే తేనె, దుంపలు, చిన్నప్పటి నుంచి నేర్చిన విద్య కూడా దూరమవుతాయి. జవాబు మనమే చెప్పేయకుండా రెండు వైపులా పిల్లల ముందు పెట్టండి.

ఈ ప్రశ్న మన ప్రాంతానికి కొత్తది కాదని కూడా చెప్పండి. పల్నాడులో పశువులను అడవిలో మేపినందుకు బ్రిటిష్ ప్రభుత్వం వేసిన పుల్లరి పన్నును ఎదిరించి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో ప్రాణాలిచ్చారు.

వెళ్లే ముందు

• నరసరావుపేట, వినుకొండ దాటి దోర్నాల మీదుగా వెళ్లే ఘాట్ రోడ్డులో రాత్రి 9 తర్వాత వాహనాలను వదలరు. జంతువులు దారి దాటే వేళ అది. కారణం పిల్లల్నే చెప్పమనండి.

• శ్రీశైలం దగ్గరి తుమ్మలబయలు, ఆత్మకూరు వైపు బైర్లూటిలో అటవీ శాఖ సఫారీలున్నాయి. బయలుదేరే ముందే వివరాలు కనుక్కోండి. వానాకాలంలో సాధారణంగా మూసేస్తారు.

• శ్రీశైలంలో చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం ఉంది. సఫారీ కన్నా ముందు అది చూస్తే మంచిది.

అక్కడ ఉన్నప్పుడు

• అనుమతి లేకుండా పెంటల్లోకి వెళ్లొద్దు. అడగకుండా ఎవరినీ ఫొటో తీయొద్దు. మన ఇంటి గడపలోకి ఎవరో వచ్చి మన పాప ఫొటో తీస్తే ఊరుకుంటామా?

• చెంచు పిల్లలకు బిస్కెట్లు, చాక్లెట్లు విసరొద్దు. జీపులో దారి చూపే అన్నను, తేనె అమ్మే అవ్వను వరుస పెట్టి పలకరించండి. పిల్లలతో ఒక ప్రశ్న అడిగించండి: "ఈ చెట్టు దేనికి పనికొస్తుంది?" సఫారీలో పులి కనబడకపోయినా ఆ జవాబు గుర్తుండిపోతుంది.

తిరిగి వచ్చాక

ఫ్యాన్సీ డ్రెస్ పోటీ వస్తే ఆకులు, ఈకలు కట్టి "అడవి మనిషి" వేషం వేయించే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ ఏడాది అది మానేద్దాం. దానికి బదులు మీ పాప గానీ బాబు గానీ నల్లమలలో కలిసిన ఒక మనిషి గురించి పది వాక్యాలు రాసి క్లాస్ టీచరుకు ఇవ్వాలి. ఆ మనిషికి తెలిసి మనకు తెలియనిదేమిటో అందులో తప్పకుండా ఉండాలి. ప్రయాణం కుదరని వాళ్లు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి పుల్లరి ఉద్యమం గురించి గానీ, కాలువ నీళ్లు వచ్చే దారి గురించి గానీ రాయవచ్చు.