పెద్ద దేశాల తగవు – టర్కీ పెద్దరికం

అక్కలారా, 2022 మార్చి నెల గుర్తుందా? పొద్దుతిరుగుడు నూనె ధర ఒక్కసారిగా పెరిగింది. కొన్ని చోట్ల లీటరు 200 రూపాయల దాకా పోయింది. ఎందుకని కొట్లో అడిగితే, "ఎక్కడో యుద్ధమంటమ్మా" అన్నారు.

ఆ యుద్ధం ఉక్రెయిన్ అనే దేశంలో. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఆ దేశం మీదికి వచ్చింది. ఉక్రెయిన్‌లో పొద్దుతిరుగుడు చేలు చాలా ఎక్కువ. అప్పట్లో మన దేశం బయట కొనే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం అక్కడిదే.

నూనె ఒక్కటే కాదు. గోధుమలు, మొక్కజొన్నలు కూడా అక్కడ బాగా పండుతాయి. ఆ సరుకు నల్ల సముద్రం మీద ఓడల్లో బయటికి పోవాలి. యుద్ధం వచ్చాక నీళ్లలో మందుపాతరలు పెట్టారు. రష్యా యుద్ధనౌకలు అడ్డం నిలిచాయి. ధాన్యం గోదాముల్లోనే ఉండిపోయింది. ఆఫ్రికాలో ఇథియోపియా, సోమాలియా దేశాల్లో అప్పటికే వానల్లేక కరువు. అక్కడి తల్లులు పిల్లలకు ఏం పెట్టాలి?

ఈ తగవు తీర్చేదెవరు? దేశాలన్నిటికీ కలిపి ఐక్యరాజ్యసమితి ఉంది. అందులో భద్రతా మండలి ఉంది. ఆ మండలిలో అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్ దేశాలకు ఒక ప్రత్యేక హక్కు ఉంది. వీటిలో ఏ ఒక్కటి 'వద్దు' అన్నా నిర్ణయం ఆగిపోతుంది. దీన్నే వీటో అంటారు. యుద్ధం చేసేదే రష్యా. ఇక మండలి ఏం చేస్తుంది? అమెరికా చెబుతుందా అంటే, అది ఉక్రెయిన్‌కు ఆయుధాలు ఇచ్చింది. దాని మాట రష్యా వినదు.

చెరువు నీళ్ల కోసం ఇద్దరు మోతుబరులు కొట్లాడుకుంటే ఎవరిని పిలుస్తాం? ఇద్దరితోనూ మాటాపలుకూ ఉన్నవాళ్లను. ఇక్కడ అట్లాంటి దేశం టర్కీ.

టర్కీ మరీ పెద్ద దేశం కాదు. జనాభా సుమారు ఎనిమిదిన్నర కోట్లు. మన ఆంధ్ర, తెలంగాణ కలిపితే దాదాపు అంతే. కానీ అది ఉన్న చోటు గొప్పది. నల్ల సముద్రంలోంచి ఓడలు బయటికి పోయే దారి టర్కీలోని ఇస్తాంబుల్ నగరం మధ్య నుంచే పోతుంది. పైగా టర్కీ ఉక్రెయిన్‌కు డ్రోన్లు అమ్మింది. అంటే మనిషి లేకుండా ఎగిరే విమానాలు. రష్యా దగ్గర గ్యాసు కొన్నది. ఇది న్యాయమా కాదా అన్నది వేరే మాట. ఇద్దరి గుమ్మమూ తొక్కగలిగింది, అంతే.

2022 జూలై 22న ఇస్తాంబుల్‌లో ఒప్పందం కుదిరింది. రష్యా, ఉక్రెయిన్ ఒకే కాగితం మీద సంతకం చేయలేదు. అందుకని రెండు కాగితాలు రాశారు. ఒక్కొక్కరూ టర్కీతోనూ, ఐక్యరాజ్యసమితితోనూ విడివిడిగా సంతకం చేశారు. మన పంచాయితీల్లో ఇట్లాంటి పంతాలు చూడనివా! ఓడల్లో ఆయుధాలు లేవని చూడడానికి నాలుగు పక్షాల మనుషులూ ఇస్తాంబుల్‌లో కూర్చున్నారు.

ఆగస్టు 1న మొదటి ఓడ 26 వేల టన్నుల మొక్కజొన్నతో కదిలింది. అదే నెలలో ఇంకో ఓడ ఇథియోపియా కోసం 23 వేల టన్నుల గోధుమలు తీసుకుపోయింది. ఏడాదిలో దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నుల సరుకు బయటికి వచ్చింది. కానీ నిరుపేద దేశాలకు నేరుగా చేరింది కొంచెమే. ఎక్కువ కొన్నవి చైనా, స్పెయిన్, టర్కీ.

టర్కీ ఇదంతా పుణ్యానికే చేసిందా? లేదు. గోధుమలు కొని, పిండి పట్టి, లోకమంతా అమ్మడం దాని వ్యాపారం. లోకంలో పేరు వచ్చింది గానీ, టర్కీ ఆడవాళ్ల వంటింటి కష్టం తీరలేదు. ఏడాది ముందు 100 లీరాలకు వచ్చిన సరుకు, 2022 అక్టోబరులో సర్కారు లెక్క ప్రకారమే 185 లీరాలు అయింది. లీరా అంటే వాళ్ల రూపాయి.

ఇట్లాంటి దేశాలను మధ్యస్థాయి శక్తులు అంటారు. బ్రెజిల్, ఇండోనేషియా కూడా ఆ వరసలోవే. వీటికి వీటో లేదు. మాట చెల్లించుకోగలవు గానీ, బలవంతం చేయలేవు. 2023 జూలై 17న రష్యా ఒప్పందం నుంచి తప్పుకుంది. టర్కీ ఎంత నచ్చజెప్పినా మళ్లీ రాలేదు. తర్వాత ఉక్రెయిన్ తన ఓడలను రుమేనియా, బల్గేరియా ఒడ్డు వెంట పంపింది. అవీ ఇస్తాంబుల్ మీదుగానే పోయాయి.

మాట్లాడుకుందాం: మీ ఇంట్లో వాడే సరుకుల్లో బయటి దేశాల నుంచి వచ్చేవి ఏవి? ఇద్దరికీ సరుకు అమ్మి లాభపడేవాళ్లు మధ్యవర్తిగా ఉండవచ్చా?