ఒకటి, నాలుగు, ఒకటి కలిస్తే పన్నెండా?

మా పదో తరగతి అమ్మాయి ఒకతె ఓ రోజు కంప్యూటరు గదిలోంచి వచ్చి, "మాస్టారూ, మన కంప్యూటరుకి కూడికలు రావండీ!" అంది. విద్యార్థుల వివరాల కోసం సి భాషలో ఒక స్ట్రక్చర్ రాసింది. సెక్షను అక్షరానికి 1 బైటు, రోల్ నంబరుకు 4 బైట్లు, ప్యాసో ఫెయిలో తెలిపే అక్షరానికి 1 బైటు. వెరసి 6. కంప్యూటరునడిగితే 12 అంది!

పిల్లలూ, తప్పు కంప్యూటరుది కాదు. కాగితం మీద వరసకు నాలుగు చొప్పున గళ్ళు గీసి, 0 నుంచి నంబర్లు వేయండి. ఒక్కో గడి ఒక బైటు. ప్రాసెసరు ఒక్కసారికి ఒక వరస చదువుతుందనుకోండి. సెక్షను 0వ గడిలో ఉంది. రోల్ నంబరును 1వ గడిలోనే మొదలుపెడితే? మూడు బైట్లు ఈ వరసలో, నాలుగోది కింది వరసలో పడతాయి. ఒక్క సంఖ్య కోసం రెండు వరసలు చదివి, ముక్కలు అతకాలి. కొన్ని ప్రాసెసర్లు ఈ అదనపు చాకిరీ చేస్తాయి. కొన్ని చేయవు. 1979లో వచ్చిన మోటరోలా 68000, బేసి నంబరు గడి నుంచి రెండు బైట్ల సంఖ్యను చదవమంటే చదవకుండా పొరపాటని జెండా ఎత్తేది.

అందుకే కంపైలరు 1, 2, 3 గళ్ళను ఖాళీగా వదిలి, రోల్ నంబరును 4వ గడిలో మొదలుపెడుతుంది. ఇలా సరైన గడిలో కూర్చోబెట్టడం అలైన్‌మెంట్. ఆ ఖాళీలు పాడింగ్. ఫలితం అక్షరం 8వ గడిలో పడుతుంది.

అక్కడికి 9 గళ్ళే అయ్యాయి, మరి 12 ఎందుకు? పెద్దవాళ్ళు కూడా తడబడే చోటిది. నేనూ మొదట 9 అనే అనుకున్నాను. తరగతిలో ఒక్కరే ఉండరు కదా, అందరినీ వరసగా పేర్చాలి. రెండో విద్యార్థి 9లో మొదలైతే, అతని రోల్ నంబరు నాలుగు గళ్ళ అవతల, 13లో పడుతుంది. కథ మళ్ళీ మొదటికొస్తుంది! కనుక 9, 10, 11 కూడా ఖాళీయే.

ఇప్పుడు రోల్ నంబరును ముందు రాసి, అక్షరాలు రెండూ దాని వెనక పెట్టండి. చివర 2 ఖాళీలతో కలిపి 8 బైట్లే. వెయ్యిమందికి 12,000 బదులు 8,000. ఈ సర్దుబాటు కంపైలరే చేయకూడదా అంటారేమో. మనం రాసిన వరసను మార్చడానికి సి భాష నియమాలు దానికి అనుమతివ్వవు.

ఆ అమ్మాయికిచ్చిన లెక్కే మీకూ ఇస్తున్నాను. వరసగా ఒక అక్షరం, 8 బైట్ల దశాంశ సంఖ్య, ఒక అక్షరం, 4 బైట్ల పూర్ణాంకం. దశాంశ సంఖ్య 8 గుణిజమైన గడిలోనే మొదలవ్వాలి. మొత్తం ఎన్ని బైట్లు? వరస మారిస్తే ఎన్నికి తగ్గించగలరు?

(జవాబు: 24, 16)