మీ మరిదికి ఆన్స్‌కమ్ జవాబు

చెల్లాయ్, మరిది అడిగినదానికి బదులు చెప్పలేకపోయానని అంత దిగులెందుకు? "సృష్టికర్త లేడంటే నీ బుర్ర కూడా అణువులు గుద్దుకుని తయారైందే కదా వదినా. అలాంటి బుర్ర చెప్పే మాట ఎలా నమ్ముతావు? ఆలోచించాలన్నా ముందు దేవుణ్ణి ఒప్పుకోవాల్సిందే!" ఇదేగా అతనన్నది? ఆక్స్‌ఫర్డ్‌లో ఉద్దండులు కుస్తీపట్టిన వాదన అది. కూర వడ్డిస్తూ నిలబడ్డదానివి, ఠకీమని జవాబెక్కణ్ణించి వస్తుంది?

దీన్ని జనంలోకి బాగా తీసుకెళ్ళినాయన సి.ఎస్. లూయిస్. పిల్లలు సినిమాగా చూసిన నార్నియా కథలు ఈయనవే. 1947లో 'మిరకిల్స్' అని ఒక పుస్తకం రాశాడు. ప్రకృతి తప్ప ఇంకేమీ లేదనేవాళ్ళు తమ మాటను తామే కొట్టేసుకుంటున్నారని అందులో మూడో అధ్యాయం. జ్వరంలో పలవరించే మనిషి మాట మనం లెక్కచెయ్యం కదా. మన ఆలోచనలన్నిటి వెనకా బుద్ధిలేని కారణాలే ఉంటే, వాటిని మాత్రం ఎందుకు లెక్కచెయ్యాలి అన్నాడు.

అసలు ముచ్చట ఇక్కడుంది. 1948 ఫిబ్రవరి 2. ఇక్కడ గాంధీగారు పోయి మూడు రోజులు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆస్తికులూ నాస్తికులూ ఒకచోట చేరి వాదించుకునే సోక్రటిక్ క్లబ్ అని ఒకటుండేది. దానికి అధ్యక్షుడు లూయిసే. ఆ సాయంత్రం ఆయన ఎదుటే ఆ అధ్యాయాన్ని ఉతికి ఆరేస్తూ వ్యాసం చదివిందెవరో తెలుసా? ఇరవై ఎనిమిదేళ్ళ ఎలిజబెత్ ఆన్స్‌కమ్. ఎవరో నాస్తికురాలనుకునేవు! పడుచు వయసులోనే కోరి కాథలిక్ మతం పుచ్చుకున్న గట్టి భక్తురాలు. తత్వవేత్త విట్గెన్‌స్టైన్ శిష్యురాలు. పెళ్ళయినా పుట్టింటి పేరే ఉంచుకుంది, ఏడుగురు పిల్లల్ని కంది, ప్యాంట్లు తొడుక్కునేది, చుట్టలు కాల్చేది. (చుట్టల మాటకొస్తే అడ్డపొగ తాగిన మన ఉత్తరాంధ్ర అమ్మమ్మలు ఆవిడకేమీ తీసిపోరులే.)

ఆవిడ పట్టుకున్న తప్పేమిటంటే, జ్వరం, పక్షపాతం, పిచ్చి, ఇవి బుద్ధిని పాడుచేస్తాయి. కానీ మెదడులో జరిగే మామూలు పనికి బుద్ధి లేనంత మాత్రాన అది బుద్ధిని పాడుచేసేదైపోదు. పైగా ఒక ఆలోచన ఎలా పుట్టిందన్నది ఒక ప్రశ్న, అది సరైనదా కాదా అన్నది వేరే ప్రశ్న. నెలాఖరున క్యాలెండర్ మీద టిక్కులన్నీ కూడి పాలబ్బాయికి ఇంత ఇవ్వాలని తేలుస్తావు. కూడేటప్పుడు పూజలోంచి లేచొచ్చావా, మీ ఆయన మీద కోపంగా ఉన్నావా, నీ మెదడు కోతి నుంచి వచ్చిందా బ్రహ్మ చేతిలోంచి వచ్చిందా, వీటివల్ల ఆ మొత్తం తప్పో ఒప్పో తేలదు. మళ్ళీ కూడి చూస్తేనే తేలుతుంది.

దేవుణ్ణి నమ్మే మనిషే దేవుడి పక్షాన చెప్పిన వాదనను బలంగా లేదని పక్కన పెట్టింది. నాకు ఆవిడలో నచ్చింది అదే. నేనూ పొద్దున్నే దీపం పెట్టేదాన్నే. అంత మాత్రాన నా వైపు మాట్లాడిన ప్రతి మాటకీ తలూపాలా?

మనవాళ్ళ సంగతి చూస్తే ఇంకా వింతగా ఉంటుంది. వేదమే ప్రమాణమన్న మీమాంసకులు సృష్టికర్తను ఒప్పుకోలేదు. వాళ్ళలాంటి వాళ్ళకీ, బౌద్ధులకీ సమాధానంగా తార్కికుడు ఉదయనుడు 'న్యాయకుసుమాంజలి' రాసి, జగత్తు ఒక కార్యం కాబట్టి దానికి కర్త ఉండాలని అనుమానంతో (సందేహం కాదు, హేతువును బట్టి తేల్చుకోవడం) ఈశ్వరుణ్ణి సాధించబోయాడు. చూడు, తర్కం ముందు, ఈశ్వరుడు తర్వాత! తర్కం చదివే పిల్లలకి ఇవాళ్టికీ మొదట చేతికిచ్చే 'తర్కసంగ్రహం' రాసిన అన్నంభట్టు మన తెలుగాయనే. ఆయన పరమాత్మను ఒప్పుకున్నవాడే. అయినా కొండమీద పొగ చూసి నిప్పుందని తేల్చుకోవడానికి, ముందుగా పరమాత్మకు దండం పెట్టమనే నియమమేదీ అనుమానఖండంలో లేదు. ఎదుటివాడు నాస్తికుడైనా సరే, హేతువులో దోషం చూపించమనేవారు. నమ్మకం ఉంటేనే వాదనకి రానిస్తామని ఉంటే బౌద్ధులతో అన్ని వందల ఏళ్ళు ఎవరు వాదించేవారు?

అంతదాకా ఎందుకు, మన గోరాగారు. నాస్తికత్వం వల్ల కాలేజీ ఉద్యోగాలు పోయినా జంకని మనిషి. రామనామం లేనిదే పొద్దుగడవని గాంధీగారు ఆయనతో కూర్చుని చర్చించారు, నీకు బుద్ధి ఎక్కణ్ణించి వచ్చిందని నిలదియ్యలేదు. గోరాగారి అమ్మాయి మనోరమకీ దళిత యువకుడు అర్జునరావుకీ పెళ్ళి అనుకున్నప్పుడు, దేవుడి పేరుకి బదులు సత్యం పేరున జరిపించడానికి ఒప్పుకున్నారు. గాంధీగారు పోయాక, 1948లోనే, ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిగింది.

అలాగని మీ మరిది ప్రశ్నలో పసే లేదనకు. జంతువుల నుంచి వచ్చిన మనిషి మనసు నమ్మకాలకి విలువెంత అన్న అనుమానం డార్విన్‌కే వచ్చింది, 1881లో ఒక ఉత్తరంలో రాసుకున్నాడు కూడా. పులిని పొద అనుకున్నవాడికి వంశం నిలవదు కాబట్టి, చూపూ ఊహా కొంతవరకైనా నిజానికి దగ్గరగా ఉండి తీరాలనేది నా సమాధానం. పులుల వరకూ అది సరిపోతుంది. చుక్కల లెక్కలూ గణిత సూత్రాలూ మనకెలా అందుతున్నాయంటే మాత్రం ఆ సమాధానం చాలదు, ఒప్పుకుంటాను. ఆ చిక్కు విప్పడానికి మరిది దేవుణ్ణి తెస్తే తేనీ, వింటాను. ఒప్పుకోకపోతే ఆలోచించే హక్కే లేదంటే మాత్రం వినను.

లూయిస్ కూడా మొండికేయలేదు. 1960 కూర్పులో ఆ అధ్యాయాన్ని తిరగరాసి, పేరు కూడా మెత్తబరిచాడు. అలా తిరగరాయడంలో ఆయన నిజాయితీ కనిపిస్తుందని ఆన్స్‌కమే తర్వాత రాసింది. ఈసారి వాదన మొదలైతే మరిదిని అడుగు, చదివింది 1947 కూర్పా, 1960దా అని. మొదటిదే అయితే, రాసినాయనే మార్చుకున్నాడని చెప్పు. రెండోదైతే కూర్చోబెట్టి మాట్లాడు, కాఫీ మాత్రం అతన్నే కలపమను.