'ఎండర్స్ గేమ్'లో పొగడ్త

ఆర్సన్ స్కాట్ కార్డ్ 1985 నవల 'ఎండర్స్ గేమ్'లో చట్టం ఇద్దరు పిల్లలకే. ఎండర్ మూడోవాడు. మంచి సైనికుడు దొరుకుతాడని ప్రభుత్వమే అనుమతిస్తే పుట్టాడు. ఆరేళ్లకే అంతరిక్షంలోని బ్యాటిల్ స్కూల్‌కి తీసుకెళ్తారు.

కఠిన శిక్షణ అంటే కొట్టడం, తిట్టడం అనుకుంటాం కదా. కల్నల్ గ్రాఫ్ పద్ధతి వేరు. దారిలోనే మిగతా పిల్లలందరి ముందు, ఎండర్ ఒక్కడికే తెలివుందని పొగుడుతాడు. అంతే, వాడు ఒంటరి. సాయానికి ఎవరూ రారని తెలిస్తేనే సొంతంగా ఆలోచిస్తాడని గ్రాఫ్ లెక్క. (ర్యాంకుల బోర్డులు చూస్తూ పెరిగిన మనకు ఇది కొత్తేం కాదు.) నాకైతే దెబ్బలకన్నా ఇదే క్రూరం అనిపించింది. కొట్టినవాడి మీద కోపమైనా వస్తుంది, పొగిడినవాణ్ణి ఏమనగలం?

చివరి పరీక్ష సిమ్యులేటర్‌లో ఆట అనుకొని గెలుస్తాడు. తీరా చూస్తే అది నిజం యుద్ధం. ఒక జాతి మొత్తం గ్రహంతో సహా పోయింది. శత్రువు మనసు అర్థం చేసుకోగలడనే వాణ్ణి ఎంచుకున్నారు, నిజం తెలిస్తే ఆ గుణమే వాణ్ణి ఆపుతుందని దాచారు.

నా దృష్టిలో వాడు పెద్దవాడైంది గెలిచినప్పుడు కాదు, చాలా తర్వాత. తను చంపిన జాతి కథను, ఎవరూ అడక్కుండానే, పేరు పెట్టుకోకుండా రాశాడు.