సర్పగంధీమూలము : ముఖ్యమా? ప్రతినిధియా?

సర్పగంధికి ఔషధాంగము మూలము. వేరు త్రవ్వినచో మొక్కయే నశించును. 1952లో ఆ వేరునుండి రెసర్పిన్ అను ఆల్కలాయిడును వేరుపఱచిన పిదప గిరాకి హెచ్చెను, అడవులలో మొక్క అరుదయ్యెను.

నేడు ప్రయోగశాలయందు దీని కణజాలమును పెంచుచున్నారు. స్కూగ్, మిల్లర్ అను శాస్త్రజ్ఞులు 1957లో పొగాకు కణజాలమున చూపిన నియమమే ఇందులకు ఆధారము: ఆక్సిన్ పాలు అధికమైనచో వేళ్లు, సైటోకైనిన్ పాలు అధికమైనచో చిగుళ్లు, రెండును నడిమి పాళ్లలో నున్నచో కాలస్ అను ఆకారరహిత పిండము పుట్టును. దోషముల తరతమభావము నెఱిగిన వైద్యునకు ఇది వింతగా తోచదు.

ఇట విచార్యము: ఆ పిండము సర్పగంధియేనా? సోమము దొరకనిచో పూతీకమును గ్రహింపవచ్చునని మీమాంసకులు చెప్పిరి. పూతీకమే సోమమని మాత్రము వారనలేదు. విధి మూలమును గూర్చినది. కాలస్ మూలము కాదు; వేరునందున్నంత ఆల్కలాయిడు అందుండవలెనను నియమమును లేదు. కనుక అది పరీక్షించి గ్రహింపవలసిన ప్రతినిధి.

కణుపునుండి చిగురింపజేసి, వేళ్లు పట్టించి, నేలలో నాటిన మొక్క సంగతి వేఱు. అది కొమ్మ నాటి పెంచినదానివంటిదే; దాని వేరు ముఖ్యద్రవ్యమే. అయినను చరకుడు కల్పస్థానమున ఓషధీసంగ్రహణమునకు భూమిని, ఋతువును నియమించెను గదా! గాజుపాత్రలో ఆ రెండును లేవు. నేలకు దిగిన నాటినుండియే ఆ నియమము ప్రవర్తించును.