ముసలి తల్లిదండ్రులకు ఏ కానుక ఇద్దాం?



పండుగ వచ్చిందంటే దూరాన ఉన్న పిల్లలు ఇంటికి వస్తారు. జబ్బున పడిన తల్లికి పట్టుచీర, తండ్రికి స్వీటు పెట్టె తెస్తారు. రెండు రోజులుండి వెళ్ళిపోతారు. ఆ పిమ్మట ఆ వస్తువులు ఏమవుతాయి? రోగులకు దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి ఇంటింటికి వెళ్ళే మాకు అవి కనిపిస్తూనే ఉంటాయి. చీర మడత విప్పకుండా పెట్టెలో ఉంటుంది. స్వీట్లు మనవలు తింటుంటే షుగరు ఉన్న తాత చూస్తూ ఉంటాడు.

ఇతరుల తప్పు చెప్పేముందు నా తప్పు చెప్పుకోవాలి. నేను గురువునైన తరువాత ఒకసారి యాత్రకు వెళ్ళి మా అమ్మకు స్ఫటికపు జపమాల తెచ్చాను. సన్నని పూసలు, వెండి గొలుసు. అమ్మ కళ్ళకద్దుకుంది. మరుసటి ఏడు వచ్చి చూస్తే అది డబ్బాలోనే ఉంది. అమ్మ చేతిలో ముడులు వేసిన తాడు ముక్క ఉంది. "ఇదేమిటమ్మా?" అని అడిగాను. "ఆ పూస చేతికి తెలియటంలా నాయనా, లెక్క తప్పిపోతన్నా" అన్నది. షుగరు వ్యాధి వలన ఆమె వేళ్ళకు స్పర్శ తగ్గి చాలా కాలమైంది. ఆ సంగతి పక్కింటివారికి తెలుసు, కొడుకునైన నాకు తెలియదు. నాకు నచ్చినది కొన్నాను గాని అమ్మ చేతులు చూడలేదు.

ప్రేమించడమంటే ఎదుటివారి మేలు కోరడమని పునీత తోమాసు అక్వీనాసు బోధించారు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు నుండి ఆయన ఈ మాట గ్రహించారు. సెమినరీలో పరీక్షకు నేను దీనిని బాగానే వ్రాశాను. కాని ఎదుటివారి మేలు ఏదో తెలుసుకోకుండా దానిని కోరడం ఎలా? ఆ పాఠం నాకు మా అమ్మ నేర్పింది.

మార్కు సువార్త 7వ అధ్యాయం తెరిచి చూడండి. తల్లిదండ్రులకు చెందవలసిన దానిని "కొర్బాను", అనగా దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొనే ఆచారాన్ని ప్రభువు గట్టిగా ఖండించారు. దేవునికిచ్చే కానుకే తల్లిదండ్రుల సేవకు బదులు కాలేనప్పుడు, అంగడిలో కొన్న కానుక బదులవుతుందా? యోహాను సువార్త 19వ అధ్యాయంలో సిలువమీద వ్రేలాడుతూ ప్రభువు తన తల్లికి ఏమిచ్చారో కూడ చూడండి. ఆమెకు ఒక కుమారుని, ఉండడానికి ఒక ఇంటిని ఇచ్చారు.

అలాగని వస్తువులు కొనవద్దని నేను అనడంలేదు. చూసి కొనండి అంటున్నాను. అందుకు కొన్ని సూచనలు:

1. ముందు ఒక రోజు గమనించండి. తెల్లవారినప్పటి నుండి పడుకునే వరకు వారి పక్కనే ఉండండి. మంచం మీద నుండి ఎలా లేస్తున్నారు? మందుబిళ్ళ అట్ట చింపుకోగలుగుతున్నారా? అన్నం నమలగలుగుతున్నారా? ఏ పనికి ఇతరులను అడగడానికి సిగ్గుపడుతున్నారు? మీ కానుక అక్కడే దొరుకుతుంది.

2. పడిపోకుండా కాపాడండి. వృద్ధాప్యంలో తుంటి ఎముక విరిగితే తిరిగి లేచి నడవడం కష్టం. దొడ్డి గోడకు పట్టుకోవడానికి ఒక ఇనుప కమ్మీ, జారని పట్ట, కూర్చోవడానికి కమోడు కుర్చీ, రాత్రివేళ వెలిగే చిన్న దీపం పట్టుచీర కంటే విలువైనవి. పాదాలకు స్పర్శ లేని షుగరు రోగికి మెత్తని చెప్పులు కొనండి. వేడినీళ్ళ సంచి మాత్రం ఇవ్వవద్దు. కాలు కాలినా వారికి తెలియదు.

3. తినే వస్తువులు డాక్టరును అడిగి తీసుకెళ్ళండి. బలానికని కొనే పొడులు కొన్నింటిలో చక్కెర ఉంటుంది. సోడియం తక్కువగా ఉన్న ఉప్పులో సాధారణంగా పొటాషియం కలుపుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. కొబ్బరినీళ్ళు కూడ వారికి అడిగే ఇవ్వాలి.

4. తొడిగే చేతులను తలచుకోండి. పక్షవాతం వచ్చిన తల్లికి ముందువైపు గుండీలున్న మెత్తని నూలు బట్టలు సుఖం. చూపు మందగించిన తండ్రికి కంటి పరీక్ష చేయించి, శుక్లాలుంటే ఆపరేషను చేయించడమే కానుక.

5. సేవచేసేవారిని మరువకండి. రోజూ ఆ మలమూత్రాలు ఎత్తేది ఒక కోడలో, ఒక చెల్లెలో. సంవత్సరానికి ఒక వారం మీరు వచ్చి ఆ పని చేసి, ఆమెను పుట్టింటికి పంపండి. అది ఇద్దరికీ కానుక.

6. వారికి కూడ ఇచ్చే అవకాశం ఉంచండి. ఆదివారం కానుకకు చేతిలో కొంత చిల్లర ఉంచండి. మనవలకు మంగళవార్త జపం నేర్పమని అడగండి. ఎవరికీ అక్కరలేని మనిషినయ్యాననే బాధ రోగం కంటే పెద్దది.

ఇక ఆత్మకు సంబంధించినది. ఫాదర్ గారు తైలం తెస్తే ప్రాణం పోతుందని భయపడేవారు ఇంకా ఉన్నారు. అవస్థ అభ్యంగనం కేవలం మరణ ఘడియకు మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ స్పష్టం చేసింది. బాగా బలహీనపడిన వృద్ధులు దానిని పొందవచ్చు, జబ్బు ముదిరితే మళ్ళీ పొందవచ్చు. రోగులకు, వృద్ధులకు, వారి సేవకులకు సత్ప్రసాదానికి ముందు ఒక గంట ఉపవాస నియమం వర్తించదు. కాబట్టి వేళకు తిని మందు వేసుకోవలసినవారు సంకోచించనక్కరలేదు.

1992లో పునీత రెండవ జాన్ పాల్ పాపుగారు ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా నెలకొల్పారు. గుణదల మాత ఉత్సవం కూడ ఆ రోజే. కొండ ఎక్కలేని మీ అమ్మ కోసం ఆ రోజు మీ విచారణ గురువును ఇంటికి పిలవండి. మీరు కూడ ఇంట్లో ఉండండి.

ఆ తరువాత నేను మా అమ్మకు పెద్ద చెక్కపూసలతో గట్టి దారానికి గుచ్చిన జపమాల ఇచ్చాను. ఆమె సంతోషించింది. కాని నేను పక్కన కూర్చుని లెక్క చెబుతూ ఆమెతో కలిసి జపం చేసిన సాయంత్రాలలో ఇంకా ఎక్కువ సంతోషించింది. అలాంటి సాయంత్రాలు ఆమెకు కొన్నే ఇవ్వగలిగాను. మీ తల్లిదండ్రులు బ్రతికి ఉంటే మీకు ఇంకా సమయముంది.

ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత ఆలోచించండి:

మా తల్లిదండ్రులకు ఇప్పుడు అన్నిటికంటె కష్టమైన పని ఏది?

వారిని చివరిసారి తీరికగా పక్కన కూర్చుని పలకరించినది ఎప్పుడు?

వారికి సేవచేస్తున్నవారికి మేము ఏ విధంగా విశ్రాంతి ఇవ్వగలం?